పదహారు గీతల అల్లం

1971 నవంబరు 7, ఆదివారం. ఆ మధ్యాహ్నం చు మాస్టారు వేడి కోడిరసంలో వేయించిన బియ్యం పోసుకుని తిన్నారు. కోడి ఒకటి, తినేవాళ్లు పదకొండు మంది. అందుకని రసమే ఎక్కువ. వేయించిన గింజలు రసంలో పడి చిటపటమన్న చప్పుడే ఆయన పెళ్లికి మోగిన వాద్యం. సాయంత్రం మామగారూ, మరో ఇద్దరూ కలిసి ఒక మంచాన్ని విడి ముక్కలుగా మోసుకొచ్చి, ఉపాధ్యాయుల వసతిగృహంలో బిగించారు. వెళ్లబోతూ మామగారు మంచం నడిమి పలక మీద అరచెయ్యి ఆనించి, "అల్లుడుగారూ, దీన్ని మాత్రం ఎప్పుడూ తిరగెయ్యకండి," అన్నారు.

ఎందుకో ఆ రాత్రి కొత్త పెళ్లికూతురు పెయ్‌లాన్ చెప్పింది. ఆ పలక అడుగువైపు మూడు అక్షరాలు చెక్కి ఉన్నాయి. 'జియాంగ్ సరితూకం.' జియాంగ్ అన్నది వాళ్ల ఇంటిపేరు. అన్‌చింగ్ ఊళ్లో, నది ఒడ్డున, ఉప్పుమెట్ల వీధిలో వాళ్ల తాతల నాటి దుకాణం బోర్డు అది. ఒంటిపళ్లెం తూనికకోలలు చేసి అమ్మేవాళ్లు. అయిదేళ్ల కిందట, పాతదేదీ మిగలకూడదని విప్లవ కుర్రాళ్లు బోర్డులన్నీ పీకి నడివీధిలో మంట పెడుతున్న రోజుల్లో, ఆమె తండ్రి దాన్ని బోర్లా తిప్పి, నాలుగు మేకులు కొట్టి, మంచం పలక చేసేశాడు. వెతకడానికి వచ్చినవాళ్లు ఆ మంచం మీదే కూర్చుని కాసేపు అలుపు తీర్చుకుని వెళ్లారట.

ఆ మూడు అక్షరాల మీద మాస్టారూ పెయ్‌లాన్ నలభై ఎనిమిదేళ్లు పడుకున్నారు. ఆఖరి చలికాలంలో, ఆసుపత్రిలో, ఆమె ఆయన్ని ఒకే ఒక్కటి అడిగింది. "కూల్చేసిన ఉప్పుమెట్ల వీధిని మళ్లీ తెస్తారంటున్నారు కదా. వీధి తిరిగొస్తే మా నాన్న బోర్డు అక్కడ ఎక్కించు." మాస్టారు సరేనన్నారు.

ఆమె పోయిన మూడేళ్లకు, వీధి తిరిగొచ్చిందని పేపర్లో పడింది. పాత వస్తువులుంటే ఇమ్మని వీధిని నడిపే కంపెనీ ప్రకటన వేసింది. మాస్టారు వెంటనే, వీధినింకా చూడకుండానే, బోర్డు ఇస్తానని ఒక పేజీ ఉత్తరం రాశారు. వారంలోగా జవాబొచ్చింది. గురువారం వచ్చి చోటు చూసుకుని సంతకం పెట్టండి, శుక్రవారం పొద్దున బోర్డు కోసం వ్యాను పంపుతాం అని.

ఒక్కరే వెళ్లబుద్ధి కాలేదు. తోంగ్‌లింగ్‌లో కూతురి దగ్గర ఉంటున్న మరదలు పెయ్‌జూకి ఫోను చేశారు. ఆవిడ పెయ్‌లాన్ చెల్లెలు, డెబ్భై నాలుగేళ్ల మనిషి. తూనికకోల కర్రకు తూకం చూపే ఇత్తడి చుక్కలు దిగగొట్టడం తండ్రి దగ్గర నేర్చుకున్నది ఆ ఇంట్లో ఆవిడ ఒక్కతే. గురువారం పదింటికల్లా బస్సు దిగి, మాస్టారి పక్కన నిలబడి, వీధి మొదట్లో కట్టిన రాతి తోరణం వైపు తలెత్తి చూసింది. తోరణానికి అటూ ఇటూ రెండు రాతి సింహాలు. సింహాల మెడలో ఎర్రగుడ్డ పువ్వులు.

"బావా, ఇక్కడ ఈ ద్వారం ఉండేదా?"

"లేదు. చేపల బుట్టలుండేవి."

"కంపు కూడా ఉండేది. దాన్ని తేవడం మర్చిపోయినట్టున్నారు."

లోపలికి నడిచారు. వీధి మరీ శుభ్రంగా ఉంది. మాస్టారికి వచ్చిన మొదటి అనుమానం అదే. బూడిదరంగు ఇటుకలని కనబడుతున్నవి ఇటుకలు కావు, సిమెంటు గోడకు అతికించిన బిళ్లలు. ఒక మూల ఊడి, ప్రాచీనత ఎంత మందమో అక్కడ తెలిసిపోతోంది. సగం అంగుళం. చూరుకు ఎర్ర లాంతర్లు పట్టపగలే వెలుగుతున్నాయి. పూలకుండీలో ఒక రాయి, లోపల స్పీకరు దాచినది, పాట పాడుతోంది. సముద్రం అక్కడికి ఆరువందల కిలోమీటర్లు, అయినా వీధి పొడుగునా పుల్లలకు గుచ్చిన సముద్రపు జీవుల్ని కాల్చి అమ్ముతున్నారు. ఒకచోట కంచు మంగలి కంచు మనిషికి గడ్డం గీస్తున్నాడు. ఫోటోల కోసం జనం నిమిరి నిమిరి కంచు మనిషి నున్నటి నెత్తి బంగారంలా మెరుస్తోంది. ఆ వీధి అసలు మంగలి పన్నెండు కిలోమీటర్ల అవతల, ప్రభుత్వం ఇచ్చిన అపార్ట్‌మెంటులో, అయిదో అంతస్తులో ఉన్నాడని మాస్టారికి తెలుసు. ఆయన నెత్తి జోలికి ఎవరూ పోరు.

వీధికి పేరు తెచ్చిన మెట్లు నది వైపున్నాయి. ఉప్పు బస్తాలు మోసిన కూలీల పాదాలకు రెండు వందల ఏళ్లలో అరిగి, ఒక్కో మెట్టు ఒక్కో తీరుగా గుంటపడి ఉండేది. వర్షం వస్తే ఆ గుంటల్లో పిల్లలు కాగితం పడవలు వదిలేవాళ్లు. వాటిని పీకేసి కొత్త గ్రానైటు వేశారు. గుంటల్ని మాత్రం మర్చిపోలేదు, యంత్రంతో చెక్కించారు. అన్ని మెట్లకూ ఒకే గుంట, ఒకే లోతు, ఒకే చోట, ఎడమవైపు.

"కూలీలందరూ ఒంటికాలి మీద ఎక్కేవాళ్లన్నమాట," అంది పెయ్‌జూ.

వీధి మొత్తంలో మాస్టారికి వంక దొరకనిది ఒక్కటే, మరుగుదొడ్డి. కుళాయిలో వేడినీళ్లు వస్తున్నాయి. ముసలివాళ్లు పట్టుకుని లేవడానికి గోడకు కమ్మీ ఉంది. ఆయన దాన్ని లాగి చూశారు. గట్టిగా ఉంది. దీన్ని బిగించిన మనిషెవరోగానీ, వీధి మొత్తం అతని చేతికి ఇచ్చి ఉండాల్సింది అనుకుంటూ చేతులు కడుక్కున్నారు. చలికి బిగుసుకున్న వేళ్లు ఆ వేడినీళ్లకు కాస్త వంగాయి.

దుకాణాల బోర్డులన్నీ పాత లిపిలో ఉన్నాయి. ముప్పై ఆరేళ్లు బళ్లో భాష చెప్పిన మనిషి, అక్షరం కనబడితే కళ్లు వాటంతట అవే తప్పులు దిద్దుతాయి. క్షవరశాల ముందు ఆగిపోయారు.

"ఏంటి బావా, జుట్టు కత్తిరించుకుంటావా? ఉన్నది తొమ్మిది వెంట్రుకలు."

"బోర్డు చూడు. తప్పు."

ఇప్పటి లిపిలో జుట్టుకూ, లాభం కలగడానికీ ఒకే అక్షరం. డెబ్భై ఏళ్ల కిందట గీతలు తగ్గించి రాత సులువు చేసినప్పుడు రెండక్షరాల్ని కలిపేశారు. పాత లిపిలో దేనిది దానిదే. ఇప్పటి మాటను కంప్యూటర్లో వేసి, పాతది చేసిపెట్టు అంటే, అది తనకు తోచిన పాతదాన్ని ఇస్తుంది. తెలిసినవాడు ఒక్కసారి చూస్తే సరిపోయేది. చూడలేదు. 'జుట్టు సరిచేయబడును' అని ఉండాల్సిన చోట, నిలువెత్తు బంగారు అక్షరాల్లో 'లాభం సరిచేయబడును' అని ఉంది.

పెయ్‌జూ అద్దంలోంచి లోపలి ధరల పట్టిక చూసింది. "తప్పేం కాదు. సరిగ్గానే రాశారు," అంది.

ఆవిడ నడక వేగం పెంచింది. ఎడమవైపు ఏడో దుకాణం. అక్కడ పుట్టింది, అక్కడే పదిహేడేళ్లు పెరిగింది. 'తూనికకోలల వాడి కూతురు' అని బడిలో వేలెత్తి చూపించుకున్నదీ అక్కణ్నుంచి వెళ్లినప్పుడే. తండ్రి పేరు మళ్లీ ఆ గుమ్మం మీద చూడ్డానికి పొద్దున్నే నాలుగింటికి లేచి, తల దువ్వుకుని వచ్చింది. దుకాణం ముందుకొచ్చి నిలబడి, కళ్లు చికిలించింది. నల్ల పలక, మూడు బంగారు అక్షరాలు.

"సరితూకం. అది తెలుస్తోంది. మొదటి అక్షరం ఏంటి బావా, అంత గుబురుగా ఉంది? మన పేరు అలా ఉండదే."

మాస్టారు ఇంకో రెండడుగులు ముందుకేసి బోర్డు చూశారు.

"బావా, నిన్నే."

"అల్లం," అన్నారు మాస్టారు. "అల్లం సరితూకం."

జియాంగ్ అనే ఇంటిపేరుకూ అల్లానికీ పలుకు ఒకటే. ఇంటిపేరు అక్షరం తేలిక, పైన గొర్రె, కింద స్త్రీ, మొత్తం తొమ్మిది గీతలు. పాత లిపిలో అల్లానిది వేరే అక్షరం. నెత్తిన గడ్డి, దాని కింద మూడు గట్లు, గట్ల మధ్య రెండు మడులు, మొత్తం పదహారు గీతలు. ఇప్పటి లిపిలో అల్లానికి కూడా ఇంటిపేరు అక్షరమే వాడుతున్నారు. కంపెనీవాళ్లు ఊరి దుకాణాల పట్టికలోంచి, ఇప్పటి లిపిలో ఉన్న పేరు ఎత్తి కంప్యూటర్లో వేశారు. కంప్యూటర్ మనిషిని తీసుకుని అల్లం ఇచ్చింది.

పెయ్‌జూ ఆ గుబురు అక్షరం వైపు మరోసారి చూసింది. తర్వాత అంది.

"నలభై ఏళ్లుగా అల్లం పండే ఊళ్లో కాపురం చేస్తున్నా. కూరలో అల్లం, టీలో అల్లం, చివరికి కాళ్లు కడుక్కునే నీళ్లలో అల్లం. ఒక్కరోజు మా నాన్న దుకాణం చూసుకుందామని బస్సెక్కి వస్తే, ఇక్కడా అల్లమేనా!"

అది మాటవరసకు అన్నది కాదు. లోపల నిజంగానే అల్లం అమ్ముతున్నారు. అల్లం మురబ్బా, అల్లం టీ, అల్లం సబ్బు. బోర్డు చూసిన అధికారులు, ఇది అల్లం దుకాణం కాబోలని, తోంగ్‌లింగ్ నుంచి అల్లం అమ్మేవాళ్లను పిలిచి అద్దెకిచ్చారు. అల్లం అమ్ముతున్నారు కాబట్టి దానికొక చరిత్ర కావాలి. గుమ్మం పక్కన ఇత్తడి రేకు మీద ఆ చరిత్ర చెక్కి ఉంది. మూడు వందల ఏళ్ల కిందట చక్రవర్తి నావలో వెళుతూ జలుబు చేసి ఇక్కడ దిగగా, ఈ ఇంటి అల్లం కషాయం తాగి, ఒంట్లో చలీ వేడీ సరితూకమైనవని మెచ్చుకుని, స్వహస్తంతో ఈ పేరు రాసి ఇచ్చెను.

ఏ చక్రవర్తి నావా ఇంత ఎగువకు రాలేదని బళ్లో పిల్లలకు కూడా తెలుసు. వాళ్లు దక్షిణానికి వెళ్లింది కాలువ దారిన. రాని చక్రవర్తికి లేని జలుబు చేస్తే, అమ్మని అల్లం తగ్గించింది. మాస్టారు రేకును రెండుసార్లు చదివారు. కనీసం అందులో అక్షర దోషం ఉన్నా కాస్త మనసు కుదుటపడేది. లేదు. అబద్ధాన్ని మాత్రం ఒక్క తప్పు లేకుండా రాశారు.

"లోపలికి రండి పెద్దాయనా, చలి," అంది దుకాణం నడిపే ఆవిడ. నలభై దాటి ఉంటాయి. దూది కోటు మీద పట్టు అంగీ తొడుక్కుంది. అంగీ బొత్తాలు ఒక్కటీ పడటం లేదు. వెంటనే బడిలో పాఠం అప్పజెప్పినట్టు ఎత్తుకుంది. "మూడు వందల ఏళ్ల కిందట చక్రవర్తి నావలో..."

"ఆపమ్మా," అంది పెయ్‌జూ, తోంగ్‌లింగ్ యాసలో.

ఆవిడ ముఖం విప్పారింది. "అయ్యో, పిన్నీ, మీది మా ఊరా? ముందే చెప్పొద్దూ! ఈ చక్రవర్తి ముచ్చట చెప్పకపోతే నాకు పది యువాన్లు కోత." ఆవిడ పేరు లియన్‌ఫెన్. రెండు స్టూళ్లు లాగి, తన ఫ్లాస్కులోంచి వేడినీళ్లు పోసి, చేతికిచ్చింది. అమ్మే టీ కాదు, తాను తాగేది. మాస్టారికి ఆ వీధిలో మొదటిసారి కూర్చోబుద్ధి అయింది.

పెయ్‌జూ ఊరుకోలేదు. బల్ల మీది మురబ్బా పొట్లం ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుని, ఒకసారి ఎగరేసి పట్టుకుంది.

"పావుకిలో అని రాశారు. ఇది పావుకిలో కాదు."

"కంపెనీ కట్టి పంపిస్తుంది పిన్నీ, నాకేం తెలుసు," అంటూ లియన్‌ఫెన్ దాన్ని కరెంటు కాటా మీద పెట్టింది. రెండు వందల ముప్పై రెండు.

"మా నాన్న కోల మీద ఒక చుక్క తక్కువ తూస్తే అదృష్టం పోతుందనేవాడు. రెండు తగ్గితే సిరి, మూడు తగ్గితే ఆయుష్షు. ఈ ఇంట్లోనే అనేవాడు. నువ్వు నిలబడ్డ చోటే నిలబడి."

లియన్‌ఫెన్ నిలబడ్డ చోటు నుంచి ఒక అడుగు పక్కకు జరిగింది. పొట్లం విప్పి మూడు ముక్కలు అదనంగా వేసి, మళ్లీ మూతి కట్టింది. అప్పుడు అడిగింది. "ఈ ఇంట్లో అంటే... ఇది అల్లం వాళ్లది కాదా?"

సరిగ్గా అప్పుడే గెంగ్ మేనేజర్ వచ్చాడు. కంపెనీ మనిషి, ముప్పై అయిదేళ్లుంటాయి, చంకలో ఎర్రటి ఫైలు. "చు మాస్టారూ! మీ ఉత్తరం మా ఆఫీసంతా చదివాం. ఒకమ్మాయి ఏడ్చింది కూడా," అన్నాడు.

"సంతోషం," అన్నారు మాస్టారు. "బోర్డు తప్పుగా ఉంది. అది అల్లం. వీళ్ల ఇంటిపేరు జియాంగ్. గొర్రె, కింద స్త్రీ."

గెంగ్ నవ్వాడు. కోప్పడలేదు. అతన్ని అసహ్యించుకోవడానికి అదే అడ్డంకి అయింది. "తెలుసండి మాస్టారూ. ప్రారంభోత్సవం అయిన మూడో రోజే ఒకాయన చెప్పాడు. కానీ ఇప్పుడు ట్రేడ్‌మార్కు రిజిస్టర్ అయిపోయింది. పొట్లాలు అచ్చయ్యాయి. చక్రవర్తి కథ స్కూలు పిల్లల విహారయాత్రల పుస్తకంలో కూడా పెట్టారు. ఇప్పుడు గొర్రెను తెస్తే అవన్నీ మార్చాలి."

"తూనికకోలల సంగతో?" అంది పెయ్‌జూ. "సరితూకం అంటే తూకం. మా నాన్న తూకం. ఒంట్లో చలీ వేడీ కాదు."

"పిన్నిగారూ, ఈరోజుల్లో తూనికకోల ఎవరు కొంటారు చెప్పండి? అల్లమైతే అందరికీ కావాలి." అతను మాస్టారి వైపు తిరిగాడు. "కానీ మీ బోర్డు మాకు కావాలి. అసలైనది. ఇదిగో, ఈ గోడకు, అద్దాల పెట్టెలో, పైనుంచి దీపం. వచ్చిన ప్రతివాడూ ముందు దాన్నే చూస్తాడు."

పెయ్‌జూ ఆ గోడ వైపు చూసింది. ఆవిడ ముఖంలో మొట్టమొదటిసారి వెటకారం పోయింది.

"ఒక్క చిన్న సమస్య," అన్నాడు గెంగ్. "మీ దాని మీద మొదటి అక్షరానికి గీతలు తక్కువ. బయట పదహారు, లోపల తొమ్మిది. చూసినవాళ్లు మీదే నకిలీ అనుకుంటారు. పాతవాటికి గీతలు ఎక్కువుంటాయని జనానికి తెలుసు కదండీ. అందుకని... మా దగ్గర మంచి వడ్రంగి ఉన్నాడు. ఆ ఒక్క అక్షరం చెక్కేసి, గొర్రె తీసి గడ్డి పెడతాడు. అస్సలు తెలియదు."

"కింద స్త్రీ ఉంది," అన్నారు మాస్టారు. "ఆమెను ఏం చేస్తారు?"

"అక్కడ పొలం వస్తుందండి," అన్నాడు గెంగ్.

బయట పూలకుండీలో రాయి ఇంకో పాట మొదలుపెట్టింది. మాస్టారు నవ్వాలో, లేచిపోవాలో తెలియక గ్లాసులోని వేడినీళ్ల వంక చూస్తూ ఉండిపోయారు. నిజమైనది అబద్ధంతో సరిపోలడం లేదట, కాబట్టి నిజాన్ని కాస్త చెక్కాలట. బళ్లో ఎందరో మొద్దబ్బాయిల్ని చూశారాయన. తప్పు రాసినవాళ్లను చూశారు, పక్కవాడిది చూసి తప్పు రాసినవాళ్లను చూశారు. తన తప్పుకు సరిపోయేటట్టు పుస్తకాన్ని దిద్దమన్నవాణ్ని మాత్రం ఇదే చూడటం.

"పెట్టనీ బావా," అంది పెయ్‌జూ, చాలా చిన్నగా.

ఆయన తలెత్తారు.

"పెట్టనీ. అక్షరం ఎవడు చదువుతాడు? కర్ర మా నాన్నది. ఆయన చెయ్యి తగిలిన కర్ర. మంచం కింద బోర్లా పడుంది యాభై ఏడేళ్లు. ఎలాగైతేనేం, ఈ ఇంట్లో, దీపం కింద ఉంటుంది. అక్క అడిగింది కూడా ఇదే కదా."

మాస్టారికి ఆవిడ ముఖం చూస్తే కాదనబుద్ధి కాలేదు. గీతలదేముంది, ఆవిడ ఉన్నన్నాళ్లు వచ్చి చూసుకుంటుంది. ఒక్క ముసలి ప్రాణం సంతోషం కంటే ఒక గొర్రె ముఖ్యమా అనిపించింది. పెన్ను అడిగారు.

గెంగ్ ఫైలు తెరిచాడు. "ముందు ఇది తీసుకోండి," అంటూ ఒక దళసరి కాగితం రెండు చేతులతో అందించాడు. కృతజ్ఞతా పత్రం. బంగారు అంచు, ఎర్ర ముద్ర. వీధి బోర్డుల్లాగే దాన్నీ పాత లిపిలో అచ్చు వేయించారు. ఉత్తరంలో మాస్టారు తన చేత్తో రాసిన భార్య పేరు మొదటి వరుసలో ఉంది. నెత్తిన గడ్డి, మూడు గట్లు, రెండు మడులు. అల్లం పెయ్‌లాన్ గారి కుటుంబానికి.

మాస్టారు ఆ వరుస ఒక్కటే చదివారు. పత్రాన్ని మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నారు. పెన్ను బల్ల మీద పెట్టారు.

"సంతకం పెట్టను," అన్నారు.

"మాస్టారూ, వ్యాను రేపటికి చెప్పేశాం..."

"ఇంటికి వస్తే వెనక్కి పంపుతాను. మా ఆవిడ వీధి తిరిగొస్తే ఇమ్మంది. రాలేదు."

గెంగ్‌కు అర్థం కాలేదు. అటూ ఇటూ వీధి వంక చూశాడు. జనం ఉన్నారు, లాంతర్లు వెలుగుతున్నాయి. "ఇదేనండీ వీధి," అన్నాడు.

"మీకు ఇదే," అన్నారు మాస్టారు. లేచి, లియన్‌ఫెన్‌కు గ్లాసు తిరిగిచ్చి, నీళ్లు ఇచ్చినందుకు తలవంచి దండం పెట్టారు. ఆవిడ బల్ల చుట్టూ తిరిగొచ్చి పెయ్‌జూ సంచిలో మురబ్బా పొట్లం పడేసింది. కంపెనీ మనిషి చూస్తుండగానే.

యంత్రం చెక్కిన మెట్ల మీద పెయ్‌జూ కూర్చుండిపోయింది. లేవమంటే లేవలేదు. నది మీద ఇసుక పడవలు పోతున్నాయి. వాటిలో మూడు దాటాక అంది.

"మంచం నీదే. పడుకునేవాడివీ నువ్వే. కానీ నాన్న నావాడు బావా. ఒక్క అక్షరం కోసం ఆయన్ని మళ్లీ బోర్లా పడేశావు. నీ ఎర్రసిరా బుద్ధి పోలేదు."

"పోలేదు," అన్నారు మాస్టారు.

"అక్క అయితే ఒప్పుకునేది."

ఆయన చెయ్యి కోటు జేబు దాకా వెళ్లి ఆగింది. కాగితం చూపిస్తే ఒక్క క్షణంలో తన తప్పు మాసిపోతుంది. కానీ పొద్దున నాలుగింటికి లేచి తల దువ్వుకుని వచ్చిన మనిషి ఆవిడ. నాన్న పేరు అల్లమైంది, అది ఈ రోజుకు చాలు. అక్క పేరు కూడా ఇక్కడే, ఈ మెట్ల మీదే ఎందుకు? ఆయన చెయ్యి దించేసి, పక్క మెట్టు మీద కూర్చున్నారు. గుంట ఎడమవైపే ఉంది కాబట్టి కూర్చుంటే ఒరిగినట్టుంది.

వాళ్లు పొద్దుపోయేదాకా అలా కూర్చున్నందుకు తోంగ్‌లింగ్ ఆఖరి బస్సు వెళ్లిపోయింది. మాస్టారి ఇల్లు మూడో అంతస్తు. ఆయన అన్నం వండి, పాలకూర వేయించి, కోడిగుడ్డు పులుసు పెట్టారు. పెయ్‌జూ మాట్లాడకుండా తింది. ఉప్పు తక్కువైందని కూడా అనలేదు. ఆవిడ కోపం తీరలేదనడానికి అంతకంటే గుర్తు అక్కర్లేదు. ఆయన గిన్నెలు తోముతుండగా, కుర్చీ మీద వేసిన కోటు జారిపోతుంటే ఎత్తి సర్దబోయింది. జేబులోంచి పత్రం కింద పడింది.

ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి పెయ్‌జూ దీపం కింద నిలబడి ఉంది. మొదటి వరుస మీద వేలు పెట్టి ఉంది. పాత అక్షరాలు ఆవిడకు అంతగా రావు. కానీ ఆ ఒక్క అక్షరాన్ని పొద్దున్నే నేర్చుకుంది.

"ఇది అక్క పేరేనా?"

"అవును."

"అక్కడే చెప్పొచ్చుగా."

"నువ్వు ఆ మేనేజర్ని కొట్టేదానివి."

"కొట్టేదాన్నే," అంది పెయ్‌జూ. కుర్చీలో కూర్చుంది. పత్రాన్ని తిప్పి చూసింది, వెనక ఏమీ లేదు. "మంచి కాగితం. దళసరిగా ఉంది. బల్ల కాలి కింద పెడితే ఊగకుండా పనికొస్తుంది." అంటూనే దాన్ని మడిచి, పేరున్న వైపు లోపలికి వచ్చేట్టు మళ్లీ మడిచింది. కాసేపటికి అడిగింది. "రేపు వ్యాను వస్తే?"

"నేను కిందికి దిగి చెప్తాను."

"నేను దిగుతా."

"వద్దు, నేనే దిగుతాను," అన్నారు మాస్టారు కంగారుగా.

ఆవిడ నవ్వింది. ఆ రోజంతా నవ్వినవాటిలో వెటకారం లేనిది అదొక్కటే. మాస్టారు పడకగదిలో దుప్పట్లు మార్చి, మంచం ఆవిడకు ఇచ్చారు. తాను ముందుగదిలో మడత మంచం వేసుకున్నారు. దీపం ఆర్పి, కళ్లు మూసుకున్నారు గానీ నిద్ర రాలేదు. ఆ గదిలో ఆవిడ పరుపు అంచు ఎత్తి, పలక అడుగున చెయ్యి పోనిచ్చి వెతుకుతున్న చప్పుడు వినబడింది. ఒక అక్షరం, ఇంకో అక్షరం. మూడోది, గొర్రె కింద స్త్రీ ఉన్నది, దొరికాక ఆ చప్పుడు ఆగింది.

కొంతసేపటికి పెయ్‌జూ చీకట్లో ముందుగదిలోకి వచ్చింది. ఆయన నిద్రపోయారనుకుందో ఏమో, తన దూది కోటు తెచ్చి ఆయన పాదాల మీద కప్పింది. మళ్లీ గదిలోకి వెళ్లి, గడియ చప్పుడు కాకుండా వేలితో ఆపుకుంటూ, తలుపు నెమ్మదిగా మూసింది.